ఆదా లెక్కలో లేని చీకటి

వీధి దీపాల జాతీయ పథకం 2015 జనవరి 5న ప్రారంభమైంది. పాత సోడియం దీపాలను, ట్యూబులైట్లను తొలగించి వాటి స్థానంలో తక్కువ విద్యుత్తుతో వెలిగే ఎల్‌ఈడీ దీపాలను అమర్చడం దాని ఉద్దేశం. పదేళ్లు నిండే నాటికి దేశమంతటా 1.34 కోట్లకు పైగా దీపాలు మారాయని, ఏటా సుమారు 900 కోట్ల యూనిట్ల విద్యుత్తు ఆదా అవుతున్నదని కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. ఈ మార్పిడిలో దేశానికంతటికీ ముందు నడిచిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని చీకట్లోకి నెట్టిన తర్వాత ఆ నగరంలో దాదాపు 90 వేల దీపాలను ఎల్‌ఈడీలుగా మార్చారు. దేశంలోని పెద్ద నగరాల్లో ఈ పని మొదట పూర్తయినవాటిలో విశాఖ ఒకటి. ఆ అనుభవంతో రాష్ట్రం పల్లెలకు కదిలింది. నేడు ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకం కింద అమర్చిన దీపాల సంఖ్య 29 లక్షలు దాటింది. మరే రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. తెలంగాణ కూడా వెనుకబడలేదు. హైదరాబాద్ మహానగరంలోనే 4 లక్షలకు పైగా దీపాలు మారాయి.

ఈ విజయాన్ని తక్కువ చేసి చూపడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. విద్యుత్తు ఆదా అయింది, పంచాయతీల బిల్లులు తగ్గాయి, అనేక వీధుల్లో వెలుతురు పెరిగింది. దళితవాడల్లోనూ చాలాచోట్ల తెల్లని దీపాలు వెలిశాయి. అయితే ఈ లెక్కలన్నీ రాష్ట్రాల వారీగా, నగరాల వారీగా, జిల్లాల వారీగా మాత్రమే మనకు అందుతున్నాయి. ఊళ్లో ఎన్ని దీపాలు, వాడలో ఎన్ని దీపాలు అన్న పద్దు ఏ ప్రకటనలోనూ కనిపించదు. ఆ పద్దు లేకపోవడం కేవలం గుమాస్తాల అశ్రద్ధ అనుకోవడానికి వీలులేదు. పథకం నిర్మాణంలోనే దానికి కారణం ఉన్నది.

పథకాన్ని నడిపే ఎనర్జీ ఎఫిషియెన్సీ సర్వీసెస్ లిమిటెడ్ నాలుగు ప్రభుత్వరంగ విద్యుత్ సంస్థలు కలిసి 2009లో ఏర్పాటు చేసుకున్న కంపెనీ. ఈఈఎస్‌ఎల్ అన్న పొట్టి పేరుతో అది అందరికీ తెలుసు. దాని పద్ధతి ఇలా ఉంటుంది. మునిసిపాలిటీగానీ పంచాయతీగానీ ముందుగా పెట్టుబడి పెట్టనక్కరలేదు. కంపెనీయే డబ్బు తెచ్చి దీపాలు మారుస్తుంది, ఒప్పందకాలమంతా నిర్వహిస్తుంది. దీపాలు మారాక మిగిలిన కరెంటు ఖర్చు నుంచి ఏటా వాయిదాలు రాబట్టుకుంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో గుంటూరు, ప్రకాశం, నెల్లూరు, కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు అన్న నాటి ఏడు జిల్లాల గ్రామ పంచాయతీల్లో 10 లక్షల దీపాలు మార్చే పనిని 2017లో ఇదే పద్ధతిలో చేపట్టారు. పదేళ్ల నిర్వహణ బాధ్యత కంపెనీది. దీనికి ఫ్రెంచి అభివృద్ధి సంస్థ రుణసాయం చేసింది.

ఈ పద్ధతిలో ఆదాయే రాబడి. ఆదా తెలియాలంటే ముందు ఖర్చు తెలియాలి. కాబట్టి లెక్కింపు ఎప్పుడూ ఉన్న దీపం నుంచే మొదలవుతుంది. చిన్న లెక్క చూద్దాం. పాత 40 వాట్ల ట్యూబులైటు చోక్‌తో కలిపి దాదాపు 50 వాట్లు తాగుతుంది. దాని స్థానంలో 20 వాట్ల ఎల్‌ఈడీ పెడితే 30 వాట్లు మిగులుతాయి. రాత్రికి 11 గంటల చొప్పున ఏడాదికి సుమారు 120 యూనిట్లు. ఈ 120 యూనిట్ల ఖరీదే కంపెనీ పెట్టిన పెట్టుబడిని తిరిగి తెస్తుంది. ఇప్పుడు దీపమే లేని స్తంభం దగ్గరికి వెళ్దాం. అక్కడ పాత ఖర్చు సున్నా, ఆదా సున్నా. అక్కడ కొత్త దీపం పెడితే కంపెనీ దృష్టిలో అది ఆదా కాదు, అదనపు ఖర్చు. స్తంభం కూడా లేని సందు సంగతి చెప్పనక్కరలేదు. చీకటి ఎన్నడూ కరెంటు కాల్చదు గనుక ఆదా చేయడానికి దాని దగ్గర ఏమీ ఉండదు. ఆ విధంగా పదేళ్ల క్రితం ఏ వీధిలో దీపం ఉందో ఆ వీధికే కొత్త దీపం వచ్చింది. ఏ వీధిలో లేదో ఆ వీధి లెక్కలోకే రాలేదు. ఎవరూ కులం పేరు ఎత్తలేదు. ఎత్తవలసిన అవసరమూ రాలేదు.

అయితే పాత దీపాలు ఎక్కడ ఉండేవి? ఇందుకు సమాధానం కోసం గ్రామీణ విద్యుదీకరణ చరిత్రలోకి కొంత వెళ్లాలి. 1997 అక్టోబరు వరకు మన దేశంలో ఒక గ్రామం విద్యుదీకరణ పొందిందనడానికి నిర్వచనం చాలా ఉదారంగా ఉండేది. గ్రామ రెవెన్యూ సరిహద్దులో ఎక్కడైనా, ఏ అవసరానికైనా కరెంటు వాడితే చాలు. ఊరి బయట ఒక మోతుబరి పొలంలో మోటారు తిరిగితే ఊరంతటికీ కరెంటు వచ్చినట్టే లెక్క. పొలాలు ఎవరివో, మోటార్లు ఎవరివో ఈ పాఠకులకు చెప్పనక్కరలేదు. తర్వాత నివాస ప్రాంతంలో వాడాలన్న షరతు చేరింది. 2004లో వచ్చిన నిర్వచనంలో మాత్రం ఒక ముఖ్యమైన మాట ఉన్నది. ట్రాన్స్‌ఫార్మరు, పంపిణీ లైన్లు గ్రామ నివాస ప్రాంతంలోనే కాక, దళితవాడ ఉన్నచోట అక్కడ కూడా ఉండాలని ఆ నిర్వచనం స్పష్టంగా చెప్పింది. ఈ వాక్యం ఒక ఒప్పుకోలు. గ్రామం అన్నంత మాత్రాన దళితవాడ అందులోకి రాదని, దాన్ని విడిగా పేరు పెట్టి రాయకపోతే లైన్లు అక్కడిదాకా సాగవని స్వాతంత్ర్యం వచ్చిన 57 ఏళ్లకు కేంద్ర ప్రభుత్వమే రాతపూర్వకంగా గుర్తించింది. పదకొండేళ్ల తర్వాత వచ్చిన వీధి దీపాల పథకం ఆ పాఠాన్ని మరచిపోయింది. గ్రామ పంచాయతీని ఒకే ముద్దగా తీసుకొని దీపాలు లెక్కపెట్టింది.

లైన్లు వాడకు చేరిన తర్వాత కూడా అవి ఊళ్లోని లైన్ల వంటివి కావు. ఇక్కడ మూడో తీగ సంగతి చెప్పుకోవాలి. మామూలు వీధిలో స్తంభాల మీద ఇళ్లకు కరెంటునిచ్చే ఫేజు తీగ ఒకటి, న్యూట్రల్ తీగ ఒకటి ఉంటాయి. వీధి దీపాలను సాయంత్రం ఒక్కచోట వేసి, తెల్లవారి ఒక్కచోట ఆర్పాలంటే వాటికోసం ప్రత్యేకంగా మరో తీగ లాగాలి. పల్లెల్లో లైన్‌మన్లు దీన్నే మూడో తీగ అంటారు. మూడు ఫేజుల లైను అయితే అది అయిదో తీగ అవుతుంది. ప్రధాన వీధుల్లో మూడో తీగ ఉంటుంది, మీటరు ఉంటుంది, ఆన్‌ఆఫ్ పెట్టె ఉంటుంది. వాడకు వచ్చేసరికి చాలాచోట్ల రెండు తీగలతోనే లైను ఆగిపోతుంది. అక్కడ దీపం పెట్టాలంటే ఇళ్ల ఫేజు తీగకే కలుపుతారు. అలా కలిపిన దీపానికి పగలూ రాత్రీ తేడా ఉండదు. కరెంటు ఉన్నంతసేపూ వెలుగుతూనే ఉంటుంది. రాత్రికి పదకొండు గంటలు వెలగవలసిన దీపం రోజంతా వెలిగితే దాని ఆయుష్షు సగానికి పైగా తగ్గుతుంది. పైగా ట్రాన్స్‌ఫార్మరుకు దూరంగా, లైను చిట్టచివర ఉన్న ఇళ్లకు వోల్టేజీ నిలకడగా రాదు. ఎల్‌ఈడీ దీపంలో మొదట చెడేది దీపం కాదు, దానికి కరెంటును సరిచేసి అందించే డ్రైవరు. వోల్టేజీ ఎగుడుదిగుళ్లను అది తట్టుకోలేదు. లైను చిట్టచివర ఎవరి ఇళ్లు ఉంటాయో ఊరు తెలిసిన ఎవరికైనా తెలుసు.

ఈ లోపాన్ని ప్రభుత్వాలు గుర్తించలేదని అనలేం. తెలంగాణలో 2019 సెప్టెంబరులో మొదలైన పల్లె ప్రగతి కార్యక్రమంలో మూడో తీగ లాగడాన్ని, వీధి దీపాలకు మీటర్లు బిగించడాన్ని ప్రత్యేకంగా చేర్చారు. అనేక గ్రామాల్లో ఆ పని జరిగింది కూడా. అక్కడా ఎన్ని కిలోమీటర్ల తీగ లాగారన్న లెక్క వచ్చిందే తప్ప, ఆ తీగ వాడలోని ఆఖరి స్తంభం దాకా వెళ్లిందా అన్న లెక్క రాలేదు.

ఊరికీ వాడకూ నడుమ ఉండే దారి మరొక సమస్య. ఊరి ఆఖరి ఇంటి దగ్గర ఊరి దీపాలు ఆగిపోతాయి. వాడ మొదటి ఇంటి దగ్గర, ఉంటే గింటే, వాడ దీపాలు మొదలవుతాయి. ఆ నడుమ ఒక కాలువ గట్టో, పెంటదిబ్బల వరుసో, రెండు ఫర్లాంగుల మట్టిబాటో ఉంటుంది. అక్కడ ఇళ్లు ఉండవు గనుక స్తంభాలు ఉన్నా దీపాలు ఉండవు. బడికి, రేషను దుకాణానికి, బస్సు ఆగే చోటికి, ఆసుపత్రికి పోవలసినవారు ఆ దారినే పోవాలి. ఊరివారు ఆ దారిన వాడకు రావలసిన అవసరం తక్కువ. దళితుల శ్మశానానికి పోయే బాటల సంగతి అంతకన్నా అధ్వాన్నం. రాత్రివేళ చావు జరిగితే సెల్‌ఫోన్ల వెలుతురులో పాడె మోసుకుపోవడం నేటికీ అనేక ఊళ్లలో మామూలు విషయమే.

ఇక నిర్వహణకు వద్దాం. ఈ పథకం ఒప్పందాల్లో దీపాలు కనీసం 95 శాతం వెలుగుతూ ఉండాలన్న షరతు ఉంటుంది. వినడానికి కట్టుదిట్టంగానే ఉన్నది. 200 దీపాలున్న ఒక పంచాయతీని ఊహించండి. 190 వెలిగితే షరతు నెరవేరినట్టే. ఆరిపోయిన ఆ 10 దీపాలు వాడలోని 12 దీపాల్లోవే అయినా షరతు నెరవేరినట్టే. సగటు ఊరినంతటినీ చూస్తుంది. ఏ మూల చీకటి పేరుకుందో చూడదు. పైగా ఆరిన దీపం గురించి ఫిర్యాదు చేస్తేనే అది లెక్కలోకి వస్తుంది. నగరాల్లో కేంద్రీకృత నియంత్రణ పెట్టెలు ఉన్నచోట ఎక్కడ ఎంత కరెంటు నడుస్తున్నదో కంప్యూటరు తెరమీద కొంతవరకు తెలుస్తుంది. పల్లెలో ఫిర్యాదు అంటే ఎవరో ఒకరు పంచాయతీ కార్యాలయానికి పోయి చెప్పడమే. ప్రధాన వీధిలో దీపం ఆరితే సర్పంచి ఇంటి అరుగు మీదనుంచే కనిపిస్తుంది. వాడలో దీపం ఆరితే కూలికి పోయి పొద్దుగూకి వచ్చినవాడు మరునాడు కూలి మానుకొని పోయి చెప్పాలి. సర్పంచి పదవి ఎస్సీ రిజర్వుడు అయిన ఊళ్లలో సైతం చెక్కుల మీద, పనుల మీద పెత్తనం ఎవరిదన్నది వేరే చెప్పాలా!

ఆంధ్రప్రదేశ్‌లో పల్లె దీపాల పథకం పేరు ప్రభుత్వంతో పాటు మారుతూ వచ్చింది. కొన్నేళ్లు జగనన్న పల్లె వెలుగు అన్నారు. నిర్వహణలో గ్రామ సచివాలయ ఉద్యోగులనూ చేర్చారు. పేరు ఏదైనా పంచాయతీల కరెంటు బకాయిలు మాత్రం ఒక ప్రభుత్వం నుంచి మరొక ప్రభుత్వానికి సంక్రమిస్తూనే ఉన్నాయి. ఆర్థిక సంఘం నిధులను ఆ బకాయిల కింద సర్దుబాటు చేసుకున్నారని సర్పంచులు రోడ్డెక్కిన సంగతి తెలిసిందే. బకాయి పేరున కనెక్షన్ కత్తిరించవలసి వస్తే కోత ఎక్కడ మొదలవుతుంది? గుడి వీధిలో మొదలుపెట్టే ధైర్యం ఏ ఉద్యోగికి ఉంటుంది?

పన్నుల రసీదు ఒకసారి తీసి చూడండి. ఇంటి పన్నుతో పాటు నీటి పన్ను, గ్రంథాలయ పన్ను, వాటి సరసన వీధి దీపాల పన్ను ఉంటుంది. పంచాయతీలకు ఆ పన్ను విధించే అధికారం చట్టమే ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం, 1994లోని 45వ సెక్షను నివాస ప్రాంతాల్లోని దారులకు, బహిరంగ స్థలాలకు దీపాలు ఏర్పాటు చేయడాన్ని పంచాయతీ విధిగా నిర్ణయించింది. విధి అన్నారు, దయ అనలేదు. దీపం లేని సందులోని గుడిసెవాసి కూడా ఇంటి పన్ను కట్టేటప్పుడు దీపం పన్ను కడుతున్నాడు. ఊరి ప్రధాన వీధి వెలుగులో అతని పైసలూ ఉన్నాయి.

అతని పైసలే కాదు, అతని ప్రాణం కూడా ఉన్నది. స్తంభం ఎక్కి దీపం మార్చేది ఎవరు? ఒప్పందం ప్రకారం శిక్షణ పొందిన విద్యుత్ కార్మికుడు చేయాలి. తెలంగాణలో పంచాయతీ పారిశుద్ధ్య కార్మికులను మల్టీపర్పస్ వర్కర్లుగా మార్చిన తర్వాత చెత్త ఎత్తేవారే ట్రాక్టరు నడపాలి, మొక్కలకు నీళ్లు పోయాలి, మోటారు వేయాలి, దీపాలు కూడా చూడాలి అన్నట్లు అయింది. పారిశుద్ధ్య పనిలో ఉన్నవారిలో అత్యధికులు దళితులే. రబ్బరు తొడుగులు లేవు, నడుముకు పట్టీ లేదు. లైను ఆపించారో లేదో తెలియకుండానే ఎక్కుతారు. స్తంభం మీద కరెంటు తగిలి కార్మికులు మరణించిన ఘటనలు పత్రికల జిల్లా పేజీల్లో నాలుగు వాక్యాల వార్తలై ముగిసిపోయాయి. 2023లో గ్రామ పంచాయతీ కార్మికులు చేసిన సుదీర్ఘ సమ్మెలో మల్టీపర్పస్ విధానం రద్దు ఒక ప్రధాన డిమాండు. ఊరికి వెలుగునిచ్చే పని చేస్తూ చనిపోయినవాడి వాడలో దీపం ఉందా అని ఆ వార్తలు అడగలేదు.

వీధి దీపానికి కులమేమిటని అడిగేవారుంటారు. నీటికీ కులం లేదు. అయినా 1985 జూలై 17న కారంచేడులో జరిగిన హత్యాకాండకు ముందు రగిలిన వివాదం మాదిగపల్లె మంచినీటి చెరువు దగ్గర మొదలైంది. నీరు, దారి, శ్మశానం, దీపం ఇవన్నీ ఉమ్మడి ఆస్తులు. ఉమ్మడి ఆస్తి పంపకం దగ్గరే కులం తన కొలబద్ద బయటికి తీస్తుంది. అగ్రవర్ణాల వీధుల్లోనూ ఆరిపోయిన దీపాలున్నాయి కదా అన్న వాదన కూడా వినిపిస్తుంది. ఉన్నాయి. పంచాయతీల పేదరికం నిజం, నిర్వహణ లోపం అందరికీ సమానమే కావచ్చు. కానీ ఆరిపోయిన దీపం వేరు, ఎన్నడూ లేని దీపం వేరు. మొదటిదానికి ఫిర్యాదు ఉంటుంది, ఒప్పందం ఉంటుంది, జరిమానా నిబంధన ఉంటుంది. రెండవదానికి వీటిలో ఏదీ లేదు.

నగరాల్లో ఈ తేడా మరో వేషం వేసుకుంటుంది. మన దేశంలో వీధి దీపాల ప్రమాణం ఐఎస్ 1944. అది రోడ్లను వాహనాల రద్దీని బట్టి వర్గాలుగా విభజించి ఏ రోడ్డుకు ఎంత వెలుతురు ఉండాలో నిర్దేశిస్తుంది. రద్దీ బాగా ఉన్న ప్రధాన రహదారికి సగటున 30 లక్స్, తక్కువ రద్దీ ఉన్న చిన్న వీధికి 4 లక్స్. ఇంజినీరు దృష్టిలో ఇది సబబే. కార్లు వేగంగా పోయే చోట వెలుతురు ఎక్కువ కావాలి. కానీ మురికివాడ సందులోకి కారు రాదు. అక్కడ మనుషులు మాత్రమే ఉంటారు. పంపు దగ్గర, మరుగుదొడ్డి దగ్గర, గుమ్మాల ముందు రాత్రి పదకొండు దాకా జీవితమంతా సందులోనే గడుస్తుంది. వాహనాన్ని బట్టి వెలుతురును కొలిస్తే మనుషులు కిక్కిరిసిన చోటుకే అతి తక్కువ వెలుతురు దక్కుతుంది. పైగా ట్యూబులైటు కాంతి నాలుగు వైపులకూ చెదిరేది. ఎల్‌ఈడీ కాంతి నేరుగా కిందికి, రోడ్డు మీదికి పడుతుంది. దూరదూరంగా ఉన్న స్తంభాల మీద పాతదాని స్థానంలో కొత్తది పెడితే స్తంభం కింద పట్టపగలు, రెండు స్తంభాల నడుమ కటిక చీకటి. పాత దీపం గుడ్డిదే అయినా ఆ కాస్త వెలుతురు పక్క గుమ్మంలోకీ పడేదని ముసలివాళ్లు అంటూంటే నేను విన్నాను. దాన్ని ఛాదస్తమని కొట్టిపారేయలేం.

చీకటి వల్ల కలిగే నష్టం ఏమిటో కూడా చెప్పుకోవాలి. మిరప కోతకు, నాట్లకు పోయే ఆడకూలీలు తెల్లవారుజామున నాలుగింటికే ఆటో ఎక్కే చోటికి నడుస్తారు. చీకటి దారిలో పాముంటుంది, మనిషీ ఉంటాడు. మరుగుదొడ్డి లేని, లేదా ఉన్నా నీళ్లు రాని ఇళ్ల ఆడవారికి చీకటే మరుగు, చీకటే భయం. వీటి గురించి చాలామంది రాశారు. అంతగా చర్చకు రాని మరొక విషయం ఉన్నది, అది న్యాయస్థానంలో బయటపడుతుంది. వాడ మీద రాత్రివేళ దాడి జరిగి, 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు నమోదై, అది విచారణకు వచ్చినప్పుడు ప్రతివాద న్యాయవాది బాధితుణ్ణి అడిగే తొలి ప్రశ్నల్లో ఒకటి: ఏ వెలుతురులో చూశావు? పోలీసులు గీసిన ఘటనాస్థలి పటంలో కరెంటు స్తంభం ఎక్కడుంది, దాని మీద దీపం ఉన్నదా, ఆ రాత్రి వెలిగిందా అన్న అంశాలన్నీ అప్పుడు పరిశీలనకు వస్తాయి. పుట్టినప్పటినుంచి ఎరిగిన మనిషిని గొంతును బట్టి, నడకను బట్టి గుర్తించవచ్చునని న్యాయస్థానాలు అంగీకరించిన సందర్భాలున్నాయి. అయినా వెలుతురు లేనిచోట సాక్ష్యం బలహీనపడుతుందన్నది న్యాయవాదులందరికీ తెలిసిన విషయమే. దీపం పెట్టని పంచాయతీ మీద కేసు ఉండదు. దీపం లేని కారణంగా కొట్టినవాడికి సంశయలబ్ధి దక్కుతుంది. ఒక 20 వాట్ల దీపానికి ఇంత బరువున్నది.

డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న రాకమానదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన ఉపప్రణాళిక చట్టం దళితుల జనాభా నిష్పత్తిని బట్టి నిధులు కేటాయించాలని ప్రభుత్వాన్ని కట్టుబడేలా చేసింది. ఆంధ్రప్రదేశ్ దాన్ని 2023లో మరో పదేళ్లు పొడిగించింది. తెలంగాణ 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి పేరుతో వేరే చట్టం చేసుకొన్నది. 2011 జనాభా లెక్కల ప్రకారం దళితులు ఆంధ్రప్రదేశ్‌లో 17 శాతం, తెలంగాణలో 15 శాతానికి పైగా ఉన్నారు. అయితే ఆ చట్టంలో ఒక వెసులుబాటు ఉన్నది. విడదీయడానికి వీలుకాని మౌలిక సదుపాయాల పనుల్లో కొంత భాగం దళితులకు చెందినట్టుగా భావించి ఖర్చు రాసుకోవచ్చు. పెద్ద రహదారులు, వంతెనలు వంటివాటికి ఆ వాదన కొంత చెల్లుతుందేమో. వీధి దీపానికి ఏ విధంగానూ చెల్లదు. ఏ స్తంభం మీద ఏ దీపం ఉన్నదో, ఆ స్తంభం ఎవరి గుమ్మం ముందు ఉన్నదో వేలు పెట్టి చూపించవచ్చు. దీపం కంటే విడదీయడానికి అనువైన ప్రజా సదుపాయం మరొకటి లేదు. కనుక వాడల్లో మూడో తీగకు, కొత్త స్తంభాలకు ఉపప్రణాళిక నిధులు వాడాలి. ఊరంతటి దీపాల ఖర్చులో ఒక శాతాన్ని దళితుల పద్దులో వేసి చేతులు దులుపుకోవడం ఆగాలి.

కొత్త దీపాలకయ్యే కరెంటుకు వేరే నిధులు కూడా అక్కరలేదు. పైన చెప్పిన లెక్కనే మళ్లీ చూడండి. పాత దీపం మారిస్తే ఏడాదికి 120 యూనిట్లు మిగులుతాయి. కొత్త 20 వాట్ల దీపం రాత్రికి 11 గంటల చొప్పున ఏడాదంతా వెలిగితే 80 యూనిట్లు ఖర్చవుతుంది. అంటే ఊళ్లో రెండు పాత దీపాలు మార్చగా మిగిలిన కరెంటుతో వాడలో మూడు కొత్త దీపాలు వెలుగుతాయి. ఒప్పందం నడిచినంతకాలం ఆ మిగులు కంపెనీ వాయిదాలకు పోతుంది. ఒప్పందం ముగిశాక అది పంచాయతీదే.

ఇప్పుడు ఈ విషయం ఎత్తడానికి కారణం కూడా ఇదే. ఒప్పందాలకు గడువులు తీరుతున్నాయి. విశాఖలో తొలి ఒప్పందకాలం ఎప్పుడో గడిచింది. హైదరాబాద్ ఏడేళ్ల ఒప్పందం గడువూ ముగిసింది. 2017 తర్వాత ఏడు జిల్లాల పల్లెల్లో మొదలైన పదేళ్ల ఒప్పందం గడువు దగ్గర పడుతున్నది. తర్వాతి ఒప్పందం ఎవరితోనైనా కావచ్చు. దానికి ముందు మళ్లీ దీపాల లెక్కింపు జరుగుతుంది. ఆ లెక్కింపు ఉన్న దీపాలతో కాక, ఉన్న వీధులతో మొదలు కావాలి. ప్రతి ఆవాసానికి, ప్రతి వాడకు ఎన్ని స్తంభాలు, మూడో తీగ ఎక్కడిదాకా ఉంది, దీపం లేనివి ఎన్ని, స్తంభమే లేని సందులు ఎన్ని అన్నవి రాయాలి. 95 శాతం షరతును పంచాయతీకి కాక ఆవాసానికి వర్తింపజేయాలి. ఉపాధి హామీ పనులకు ఊరూరా సామాజిక తనిఖీ నిర్వహించి దేశానికి దారి చూపిన రాష్ట్రాలు మనవి. ఆ తనిఖీలో పనిచేసిన చదువుకున్న యువతీయువకులు ప్రతి మండలంలోనూ ఉన్నారు. దీపాల జాబితాను వారి చేత రాయించి, వాడలో జరిపే గ్రామసభలో చదివించడం అసాధ్యమేమీ కాదు.

పొద్దుగూకాక ఊరి బస్టాండు దగ్గర బయలుదేరి, ప్రధాన వీధి దాటి, ఆ నడిమి బాట వెంట వాడదాకా, అక్కడినుంచి శ్మశానం దాకా నడిచి ఆ లెక్క రాయడానికి గంటన్నర పడుతుంది. ఏడు జిల్లాల్లో ఆ నడక 2027 లోపే పూర్తి కావాలి. ఆ తర్వాత సంతకాలైన ఒప్పందం మరో పదేళ్లు మారదు.